ముత్తాత పెట్టిన వరుస

లాగ్ 1, సోమవారం

మార్పిడి గదిలో పనిచేసేవాళ్ళు షిఫ్టు అయ్యాక లాగ్ రాయాలి. ఏం చేశారు, ఏం పాడైంది, ఎలా బాగుచేశారు, ఇంతవరకే రాయమంటారు. నేను కాస్త ఎక్కువే రాస్తాను. మా పెద్ద దానియేలు గారు అది చదివినా ఏమీ అనరు, ఆయనకు చదవడం కంటే టీ తాగడం ఇష్టం.

నా పేరు నీలవేణి. మా ఊరి పేరు గుమ్మటం. పైన గాజు కప్పు, కప్పు మీద ఎర్ర దుమ్ము, దుమ్ము మీద చెప్పలేనంత చలి. మా తాతల తాతలు ఇక్కడికి వచ్చినప్పుడు ఓడలో ఒక పెద్ద కంప్యూటరు తెచ్చుకున్నారు. బీరువాల్లాంటి నల్ల పెట్టెలు, తలుపు మూసినా వినిపించే గురక. అందరూ దాన్ని ముత్తాత అంటారు. ఊరికి గాలి, వెలుగు, నీళ్ళు అన్నీ ఇంతకాలం ముత్తాతే చూసుకున్నాడు. ఇప్పుడు ఆయనకు వేయడానికి విడిభాగాలు అయిపోయాయి. అందుకని మావాళ్ళు ఇక్కడే ఇంకోటి తయారుచేశారు. స్టూలంత ఉంటుంది, చప్పుడు చేయదు. దాని పేరు బుడ్డోడు.

చిక్కేమిటంటే ఒకరి మాట ఒకరికి తెలియదు. రెండు యంత్రాల్లోనూ అక్షరాలు అక్షరాలుగా ఉండవు, సంఖ్యలుగా ఉంటాయి. ఇంగ్లీషు ఎ అక్షరం ముత్తాత లోపల 193, బుడ్డోడి లోపల 65. ఎవరు ఏ పట్టిక పెట్టుకుని పుట్టారో అదే వాళ్ళ భాష. ముత్తాత కడుపులో ఉన్న పేర్లు, వీధులు, ఇంటి గుర్తులు అన్నిటినీ ఒక్కో అక్షరం చొప్పున పాత సంఖ్య నుంచి కొత్త సంఖ్యకు మార్చి బుడ్డోడికి అప్పగించడం నా పని. వచ్చే నెల నుంచి ఊరు బుడ్డోడి చేతికి పోతుంది.

ఈరోజు పరీక్ష కోసం కొన్ని నీళ్ళ చీటీలు అచ్చు వేయించి మా వీధిలో పంచాను. ఉదయం ఎవరింటికి నీళ్ళ వంతు ఎప్పుడో ఆ చీటీలో ఉంటుంది. గంట తిరక్కుండా మా అత్తగారు హైమవతి గారు చీటీ పట్టుకుని గది దగ్గరికే వచ్చేశారు. ఆవిడ నీటి సంఘానికి అధ్యక్షురాలు కూడా.

"ఏంటమ్మాయ్ ఇది? నా పేరు వెనకాల ఈ జిలేబీలేంటి? ఇన్ని జిలేబీలు నేను తినగలనా?"

చూస్తే నిజమే. పేరు తర్వాత చీటీ చివరిదాకా @@@@@@ అని బారులు తీరి ఉన్నాయి. ముత్తాత ప్రతి పేరుకూ ఒకే కొలత చోటు ఉంచుతాడు. పేరు చిన్నదైతే మిగతాది ఖాళీ. ఆ ఖాళీకి కూడా ఆయన దగ్గర ఒక సంఖ్య ఉంది, 64. నేను అక్షరాలన్నీ మార్చాను గానీ ఖాళీని మార్చడం మర్చిపోయాను. బుడ్డోడి లెక్కలో 64 అంటే ఈ జిలేబీ. దానియేలు గారు టీ గ్లాసు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సరిచేశాను.

లాగ్ 2, గురువారం

పని నల్లేరు మీద బండిలా సాగుతోంది. దానియేలు గారు రోజూ పొద్దున్న ఒకటే మాట చెబుతారు: "అక్షరమైతే మార్చు తల్లీ, కొలతైతే ముట్టుకోకు." ముత్తాత కొలతల్ని కుదించి దాచుకుంటాడు. వాటిని అక్షరాలనుకుని మార్చామంటే ఇంటికి రెండు బకెట్ల నీళ్ళు పోవలసిన చోట ఊరంతా మునిగేంత నీళ్ళని రాసుంటుంది. నేను ముట్టుకోలేదు.

మా గదికి ఇంకో పద్ధతి ఉంది. బుడ్డోడిలో కొత్తగా ఏ లైను రాయాలన్నా, అది కావాలని అడిగిన మనిషి గదిలోకి రావాలి. తన పేరు, ఏం కావాలి, ఎందుకు కావాలి, ఈ మూడూ నోటితో పైకి చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు ఆ లైను పక్కనే రాస్తాం. ముత్తాత లోపలి లైన్లకు ఇలాంటి పేర్లు లేవు. అవి వేరే లోకంలో ఎవరో రాసినవి. ఏదైనా ఎందుకలా ఉందని అడగడానికి మనిషి దొరక్క మా పెద్దవాళ్ళు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదట. అందుకే ఈ పద్ధతి. పిల్లల ఆటస్థలంలో దీపాలు ఇంకాసేపు ఉంచమని వచ్చినవాళ్ళు కూడా పేరు చెప్పుకునే పోతారు.

ఈ వారం మా వీధిలో గ్రైండరు మొదటి వంతు మా ఇంటిది. వీధి మొత్తానికి ఒకటే గ్రైండరు. ఈ వారం మొదట రుబ్బుకున్నవాళ్ళు వచ్చే వారం చివరికి పోతారు. అందుకని రోజూ ఇడ్లీలే. పొద్దున్నే పొగలు కక్కే నీళ్ళతో స్నానం, తర్వాత ఇడ్లీ, తర్వాత పని. సుఖంగా ఉన్నానని రాయడానికి నాకేం సిగ్గు లేదు.

నేను పుట్టింది మాత్రం కింద, తొమ్మిదో సందులో. మా ఊరు గుట్టకు మెట్లు తొలిచినట్టుంటుంది. పైన ఎ నుంచి హెచ్ దాకా అక్షరాల వీధులు. అడుగున ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల సందులు. ప్రతి ఇంటి గుర్తూ ఆ అక్షరంతోనో ఆ అంకెతోనో మొదలవుతుంది. నీళ్ళు కాగే తొట్టి ఉన్నది అడుగునే, తొమ్మిదో సందు పక్కన. రాత్రంతా కాగిన నీళ్ళు తెల్లవారాక ఎ వీధికి ముందు పోతాయి, తర్వాత బి, అలా హెచ్ దాకా. ఆపైన ఒకటో సందు, రెండో సందు. తొమ్మిదో సందు దాకా వచ్చేసరికి తొట్టిలో వేడి ఉండదు, ఒట్టి నీళ్ళు ఉంటాయి. ఊరు పుట్టినప్పటి నుంచీ వరుస అదే. పెళ్ళై ఎ వీధికి వచ్చిన మర్నాడు వేడినీళ్ళు మొదటిసారి ఒంటి మీద పడితే నాకు ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నావని మా ఆయన శశాంక్ తలుపు అవతలి నుంచి కంగారుపడ్డాడు. సబ్బు కళ్ళలో పడిందని చెప్పాను.

లాగ్ 3, మంగళవారం

ఈరోజు జోడు పరీక్ష. ఒకే పని ముత్తాతకూ బుడ్డోడికీ ఇచ్చి, జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తాం. రేపటి నీళ్ళ వరుస తయారుచేయమని ఇద్దరికీ చెప్పాను.

పేర్లు సరిపోయాయి. కొలతలు సరిపోయాయి. జిలేబీలు లేవు. కానీ వరుస తిరగబడింది. ముత్తాత కాగితం ఎ వీధితో మొదలై తొమ్మిదో సందుతో ముగిసింది. బుడ్డోడి కాగితం ఒకటో సందుతో మొదలైంది. తొమ్మిదో సందు అయ్యాక ఎ వీధి వచ్చింది. మా అత్తగారి పేరు మధ్యలో ఎక్కడో ఉంది.

మధ్యాహ్నం దాకా నా తప్పు కోసం వెతికాను. పట్టిక మొత్తం మళ్ళీ సరిచూశాను, అన్నం కూడా సరిగ్గా తినలేదు. తల ప్రాణం తోకకొచ్చాక దానియేలు గారి ముందు కాగితాలు పెట్టాను. ఆయన రెండూ చూసి, గ్లాసు కింద పెట్టి, కుర్చీ నా వైపు లాక్కున్నారు.

"నీళ్ళ వరుసకి ముత్తాతలో ఏమని రాసుందమ్మా?"

"ఇంటి గుర్తు ప్రకారం చిన్నది ముందు, పెద్దది తర్వాత. అంతేనండి."

"ఎ వీధి ముందని ఉందా?"

"లేదు."

"సందులు చివరని ఉందా?"

"లేదండి."

"మరి ముత్తాత పట్టికలో ఎ ఎంత? ఒకటి ఎంత?"

అప్పుడు వెలిగింది. ఎ అక్షరం 193. ఒకటి అంకె 241. ముత్తాత పట్టికలో అక్షరాలన్నీ అయ్యాకే అంకెలు వస్తాయి. బుడ్డోడి పట్టికలో ఒకటి అంకె 49, ఎ అక్షరం 65. అంకెలు ముందు, అక్షరాలు తర్వాత. చిన్న సంఖ్య ముందు పెట్టమంటే ఎవరి పట్టిక ప్రకారం వాళ్ళు పెట్టారు. ఇద్దరిదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు.

"అంటే సందులవాళ్ళు చివర ఉండాలని ఎవరూ అనలేదా?" అన్నాను.

"ఎవరూ అన్లేదు. అసలు ఆ పట్టిక చేసినోళ్ళు మన ఊరు ఒకటుంటుందని కూడా అనుకుని ఉండరు."

చిన్నప్పుడు వణుకుతూ స్నానం చేసిన పొద్దులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎవరో కావాలని చేసి ఉంటే తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండేవాడు.

లాగ్ 4, బుధవారం

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. అత్తగారు ఇడ్లీ తుంచుతూ విన్నారు.

"సరే, అయితే పాత వరుసే పెట్టెయ్. అక్షరాలు ముందు, అంకెలు తర్వాత అని ఒక లైను రాస్తే సరిపోదూ?"

"సరిపోతుంది అత్తయ్యా. ఒక్క లైనే."

"మరింకేం. పెద్దలు పెట్టిన వరుస."

"ఎవరూ పెట్టలేదు అత్తయ్యా. అదే కదా చెబుతున్నాను."

"ఎందుకు పెట్టలేదూ? మా అత్తగారు ఎన్నిసార్లు చెప్పారో. మొదటి ఓడలో దిగింది మనవాళ్ళు. అందుకని ముందు నీళ్ళు మనకి."

"మా అమ్మమ్మ కూడా మొదటి ఓడలో దిగింది మావాళ్ళేనని చెప్పేది."

శశాంక్ చట్నీ వేసుకుంటూ, "వచ్చింది ఒక్క ఓడే కదమ్మా" అన్నాడు.

అత్తగారు మూతి ముడుచుకున్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. నాకు జ్వరమొస్తే నా మంచం పక్కనే కూర్చుని తెల్లారేదాకా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన మనిషి. కానీ ఆవిడకు పొద్దున్నే ఊళ్ళో అందరికంటే ముందు స్నానం చేసి, జుట్టు తుడుచుకుంటూ వరండాలో నిలబడటం అలవాటు. వంతు పోవడం అంటే ఆవిడకు అది పోవడం.

"ఎవరో ఒకరు పెట్టే ఉంటారులే" అని లేచి చేయి కడుక్కున్నారు.

నాకు ఈ లాగ్‌లో తప్ప ఎక్కడా చెప్పుకోలేని మాట ఒకటుంది. ఇంతకాలం మా అమ్మను చివర నిలబెట్టిన మనిషి ఎవరూ లేరు. ఇప్పుడు ఆ లైను రాస్తే ఆ మనిషి నేనవుతాను. అడిగేది ఎవరైనా రాసేది నా చెయ్యే.

లాగ్ 5, శుక్రవారం

షిఫ్టుకు ముందు తెల్లవారగానే కిందికి దిగాను. అమ్మను అడిగితే ఏదో ఒకటి తేలుతుందనుకున్నాను. పెళ్ళైన కొత్తలో అమ్మ మా ఇంటికి మెట్లెక్కి వచ్చేది. ఈమధ్య ఎప్పుడు పిలిచినా పనుందంటుంది. నేనే సాయంత్రాలు వెళ్ళి వస్తున్నాను. ఇంత పొద్దున్నే తొమ్మిదో సందుకు వెళ్ళి చాలా కాలమైంది.

సందు మొదట్లో గోడ వెంట పెద్ద గొట్టం ఉంది. తొట్టిలోంచి పై వీధులకు వేడినీళ్ళు పోయేది దాంట్లోంచే. చిన్నప్పుడు పిల్లలమంతా ఆ గొట్టానికి వీపులు ఆనించి కూర్చునేవాళ్ళం. ఎ వీధికి నీళ్ళు వదిలే వేళకి అది మొదట కాలుతుంది. ఈరోజు ఆ వేళకి మా అమ్మ పైడమ్మ అక్కడ పీట వేసుకుని కూర్చుని ఉంది. తువ్వాలు మడతపెట్టి గొట్టానికి చుట్టి, రెండు మోకాళ్ళూ దానికి అదిమిపెట్టింది. కళ్ళు మూసుకుంది.

"అమ్మా, ఏటి సేత్తన్నావు?" అన్నాను. సందులోకి వస్తే నా నాలుక దానంతటదే పుట్టింటికి పోతుంది.

అమ్మ ఉలిక్కిపడి తువ్వాలు లాగేసింది. "ఏటమ్మీ ఇంత పొద్దున్నే? మీయత్త గానీ తగువాడిందేటి?"

"మోకాళ్ళు అంత నొప్పిగున్నాయేటి?"

"నొప్పేటి? గొట్టానికి తుప్పడతాది కదేటి, తుడుస్తన్నాను."

నా కళ్ళు నిండాయి. మా ఎ వీధికి పోయే నీళ్ళు, అంటే నేను స్నానం చేసే నీళ్ళు, గోడ ఇవతలి నుంచి వెళ్తుంటే మా అమ్మ వాటి సెగ కాచుకుంటోంది. పీట మీంచి లేవడానికి గోడ పట్టుకుంది. నేను చెయ్యిస్తే తోసేసింది.

ఇంట్లో కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. అమ్మ ముఖం చిన్నబోయింది.

"అంటే మనోళ్ళు ఒదులుకున్నారన్నది అబద్దమంటావేటి? మనోళ్ళు సొరంగాలు తవ్వినోళ్ళు. తవ్విన ఒంటికి సన్నీళ్ళే మంచిదని, ముందు పిల్లలున్నోళ్ళకి ఇయ్యండి, మాకు సివరియ్యండి అన్నారంట. మాయమ్మ సెప్పింది నాకు. ఏడాదికోసారి సన్నీళ్ళ పండగ సేసుకుంతాం గదా, దేనికనుకున్నావు?"

"ఎవురూ అడగలేదమ్మా, ఎవురూ ఒదులుకోలేదు. యంత్రం లెక్క అలా వచ్చింది, అంతే."

అమ్మ కాసేపు చీర అంచు సర్దుకుంది. తర్వాత మెల్లిగా, "పోనీ, నువ్వు ఆ లైను రాసీమ్మా" అంది. "ఇన్నేళ్ళు సన్నీళ్ళు పోసుకున్నాం, ఇంకేటవుతాది? నీ అత్తింట నువ్వు మాట పడొద్దు. నాకు అదే కావాల."

నాకు అమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. టీ కూడా తాగకుండా వచ్చేశాను. మెట్లెక్కుతుంటే ప్రతి మెట్టు దగ్గరా ఆ మోకాళ్ళే గుర్తొచ్చాయి.

లాగ్ 6, ఆదివారం

ఈరోజు నీటి సంఘం సమావేశం. అక్షరాల వీధుల సభ్యులు పాత వరుసే కావాలన్నారు. అంకెల సందుల సభ్యులు కూడా చేతులెత్తారు. కొందరు నిజంగానే ఎత్తారు, కొందరు పక్కవాళ్ళను చూసి ఎత్తారు. మావాళ్ళ త్యాగం మావాళ్ళకు ముద్దు. వీళ్ళ ఓడ వీళ్ళకు ముద్దు. పాత వరుసలో పెట్టాలని మార్పిడి గదికి చెప్పేశారు.

దానియేలు గారు లేచారు. "మంచిదండి. అడిగినవారు ఎవరని రాయమంటారు?"

"సంఘం అని రాయండి."

"సంఘం నడిచి గదిలోకి రాదండి. నోటితో చెప్పాలి కదా, ఎవరో ఒక మనిషి రావాలి. మన పద్ధతి మీకు తెలుసు."

సభ్యులు నీళ్ళు నమిలారు. బి వీధి ఆయన కోడలు ఆరో సందు పిల్లట, పండగ పూట గొడవెందుకన్నాడు. పండగ ఏదీ దగ్గర్లో లేదు. ఇంకొకాయన గొంతు బాగోలేదన్నాడు, ఆ మాట బాగానే గట్టిగా చెప్పాడు. మా సందు సభ్యురాలు తాను చేయెత్తింది ఫ్యాను వేయమనడానికని చెప్పింది. చేతులన్నీ ఉన్నాయి, పేరు ఒక్కటీ లేదు.

చివరికి మా అత్తగారు కొంగు దోపుకుని లేచారు. "ఏంటా గొణుగుడు? పేరు చెప్పుకోడానికి భయమేంటి? నేనొస్తాను రేపు. నా పేరు రాయండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేకపోయాను.

లాగ్ 7, సోమవారం

అత్తగారు పట్టుచీర కట్టుకుని వచ్చారు. దానియేలు గారు కుర్చీ వేసి టీ ఇచ్చారు. నేను బుడ్డోడి ముందు కూర్చున్నాను. ఆ లైను టైపు కొట్టనని చెప్పి లేచిపోదామా అని కూడా అనిపించింది. కానీ ఎవరడిగినా చెప్పింది చెప్పినట్టు రాయడమే ఈ గది పద్ధతి. ఈరోజు నాకు నచ్చలేదని మానేస్తే రేపు ఇంకెవరో వాళ్ళకు నచ్చనిది మానేస్తారు.

"పేరు చెప్పండి అత్తయ్యా."

"నీకు తెలీదూ?"

"చెప్పాలి."

"హైమవతి."

"ఏం కావాలి?"

"పాత వరుస కావాలి."

దానియేలు గారు దగ్గారు. "అలా కాదమ్మా. బుడ్డోడికి పాతేంటో తెలీదు. ఎవరు ముందు, ఎవరు చివర, స్పష్టంగా చెప్పాలి."

"ఎ వీధి ముందు..." అని ఆగారు. గొంతు సవరించుకున్నారు. "ఎప్పుడూ ఎ వీధి ముందు. ఎప్పుడూ తొమ్మిదో సందు చివర."

నేను కొట్టాను. మాటలు తెర మీద పడ్డాయి. అడిగినది హైమవతి. కోరిక, ఎప్పుడూ ఎ వీధి ముందు, ఎప్పుడూ తొమ్మిదో సందు చివర. దాని కింద ఎందుకు అని ఉండి పక్కన ఖాళీ ఉంది.

"ఎందుకో చెప్పండి అత్తయ్యా."

"ముందు నుంచీ..." అన్నారు. నేను కొట్టబోయేసరికి చెయ్యి పట్టుకున్నారు. "ఆగు. అది వద్దు. ఓడ గురించి రాయి. కాదులే, ఓడ ఒక్కటే అంటాడు శశాంక్." కాసేపు ఆలోచించారు. టీ చల్లారిపోయింది. తెర మీద తన పేరు, పక్కనే తొమ్మిదో సందు, రెండూ మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నారు.

"మీ అమ్మ ఉండేది తొమ్మిదే కదూ?"

"అవును అత్తయ్యా."

"వదినగారు మనింటికి వచ్చి ఎన్నాళ్ళైంది? ఎప్పుడు పిలిచినా పనుందంటారు. ఏం పని అంత?"

అప్పుడు చెప్పేశాను. గొట్టం, తువ్వాలు, పీట, తుప్పు తుడవడం, అన్నీ. చెప్పకూడదనుకున్నాను గానీ ఆగలేకపోయాను. ఏడుపు కూడా వచ్చింది. దానియేలు గారు అటు తిరిగి కిటికీ లేని గోడ వైపు చూశారు.

అత్తగారు తన మోకాళ్ళ మీద చేతులు వేసుకున్నారు.

"తొట్టి బాగుచేసినప్పుడు వారం పాటు వేడినీళ్ళు రాలేదు, గుర్తుందా? మంచం దిగలేకపోయాను. శశాంక్ ఎత్తి కూర్చోబెట్టాడు నన్ను. వారానికే." తల అడ్డంగా ఊపారు. "ఆవిడ జన్మంతా."

తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని నిటారుగా కూర్చున్నారు. "అది చెరిపెయ్. మళ్ళీ రాయి. మన వీధి గ్రైండరు ఉంది చూడు, అలాగ. ఈ వారం ముందున్నవాళ్ళు వచ్చే వారం చివరికి పోవాలి. వీధులు, సందులు, అన్నీ ఒకే వరుసలో."

"మొదలెక్కడి నుంచి అత్తయ్యా?"

"కింద నుంచి. తొమ్మిదో సందు ముందు, తర్వాత ఎనిమిది, అలా పైకి."

"అయితే మొదటి వారం మన ఎ వీధి చివర వస్తుంది. అందరికంటే చివర."

ఆవిడ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు. "రమ్మను. ఎవరు కాదన్నారు?"

"ఎందుకో చెప్పండి."

ఈసారి ఆలోచించలేదు. "మోకాళ్ళు అందరికీ ఉంటాయి కనుక."

చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు.

లాగ్ 8, ఆదివారం

కొత్త నెల వచ్చింది. వారం క్రితం ముత్తాతను ఆపేశాం. గురక ఆగిపోగానే గది బోసిపోయినట్టైంది. దానియేలు గారు ఆ నల్ల పెట్టెను తట్టి, "పోయి పడుకో నాయనా" అన్నారు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను. బుడ్డోడు ఇంతవరకు ఏ పేచీ పెట్టలేదు.

సంఘం మళ్ళీ కూడి కొత్త వరుసకు ఒప్పుకుంది. ఒప్పుకోకేం చేస్తారు? కాదనాలంటే గదిలోకి వచ్చి పేరు చెప్పాలి. మావాళ్ళు మాత్రం చన్నీళ్ళ పండగ మానం అన్నారు. పెద్దలు నిజంగా ఒదులుకున్నా, లేకపోయినా, పండగ రోజు పంచే బెల్లం పాకం ఎవరూ వదులుకోరట.

మొదటి రోజు పొద్దున్నే తొమ్మిదో సందుకు పరిగెత్తాను. సందంతా ఆవిర్లు. పిల్లలు బకెట్ల చుట్టూ గెంతుతున్నారు. మా అమ్మ స్నానాల గదిలోకి పోయి ఎంతకీ రాదు. పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. బయటికి వచ్చాక ముఖం ఎర్రగా, పసిపిల్లలా ఉంది. ఎలా ఉన్నాయని అడిగితే, "ఏదో, గోరెచ్చగా ఉన్నాయి" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

అదే పొద్దున ఎ వీధిలో మా అత్తగారు మొదటి చెంబు పోసుకుని పెట్టిన కేక బి వీధి దాకా వినిపించిందట. రెండో రోజు, చన్నీళ్ళు ఎలా పోసుకోవాలో మా అమ్మను అడిగి రమ్మని నన్ను కిందికి పంపారు. ముందు పాదాలు తడపాలని, తర్వాత చేతులని, చివరికి గానీ తల మీద పోయకూడదని, పోసుకునేటప్పుడు గట్టిగా ఏదైనా పాడుకోవాలని అమ్మ కబురు పంపింది. అప్పటి నుంచి పొద్దున్నే మా ఇంట్లో కచేరీ. స్నానమయ్యాక వేడి చేసిన ఉప్పు మూటతో మోకాళ్ళకు నేనే కాపడం పెడుతున్నాను. ఊళ్ళో అందరితో మాత్రం చన్నీళ్ళు ఒంటికి ఎంత మంచివో చెబుతున్నారు. మా వీధి ముందుకు రావడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది.

రేపటి నుంచి తొమ్మిదో సందు చివరికి పోతుంది. ఈ విడతకు ఈరోజే వాళ్ళకు ఆఖరి వేడినీళ్ళు. సెలవు కదా అని అత్తగారికి ఉప్పు మూట కడుతుంటే ఎవరో తలుపు తట్టారు. శశాంక్ అనుకుని, తీసే ఉంది రమ్మన్నాను.

మా అమ్మ. చేతిలో బెల్లం పాకం గిన్నె, నుదుటి మీద చెమట. గుమ్మం పట్టుకోకుండా నిలబడి ఉంది.

"వదినగారూ! రండి, రండి" అని అత్తగారు మూట పక్కన పడేసి లేవబోయారు. అమ్మ ఆవిడను కూర్చోమని సైగ చేసి, "సన్నీళ్ళకి తట్టుకున్నారో లేదోనని సూసి పోదామని వచ్చాను వదినగోరూ" అంది.

నేను అమ్మ కాళ్ళ వంకే చూస్తున్నాను. "అమ్మా, ఇన్ని మెట్లూ ఎక్కే వచ్చావా?"

"మరెగిరొచ్చానేటి?"